తలుపు లేని కొట్టం

మా ఆయన ఇంట్లోనే కారు తయారు చేస్తానన్న రోజు నేను కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. సరిగ్గా విన్నానో లేదోనని మిషన్ ఆపి, "ఏందీ?" అన్నాను.

"కారు. మన కొట్టంలో. నేనే చేస్తా," అన్నాడు.

ఆయన మాటలు ఎప్పుడూ అంతే. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. నాకేమో నోరు ఆగదు. "కారంటే ఏమన్నా చేపల పులుసనుకున్నావా, ఇంట్లో కాసుకునేదానికి? ఎండలో తిరిగి తిరిగి నీకు మెదడు కరిగిపోయినట్టుండాది!" అని మొదలుపెట్టి అన్నం తినేదాకా తిడుతూనే ఉన్నాను. ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, టేపు తీసుకుని కొట్టంలోకి పోయి నేల కొలుచుకున్నాడు.

మాది ఉదయగిరి. కొండ వైపు వీధిలో ఇల్లు. ఆయనకు సొంత ట్రాక్టర్ ఉంది. వాన పడితే దుక్కులు, పడకపోతే ఎరువో రాయో తోలుతాడు. ఇంజిన్ విప్పడం, బిగించడం బాగా తెలిసిన మనిషే. పిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుకుంటున్నారు కాబట్టి ఇంట్లో ఉండేది ఆయన, నేను, మా అత్త. ఇంటి పక్కన మేకల కొట్టం ఒకటుంది. మేత దొరక్క మేకల్ని అమ్మేశాక అది ఖాళీగా పడి ఉంది. మూడు వైపులా రాతిగోడ, పైన రేకులు. ముందు వైపు గోడ లేదు, తలుపూ లేదు. మేకలు మందగా వచ్చిపోయేందుకు అలా వదిలేశారు.

ఆయనకు ఈ ఆలోచన ఫోనులోంచి వచ్చింది. ఎవరో ఒకాయన పెరట్లో ఇనప గొట్టాలు అతికించి, పాత కారు ఇంజిన్ పెట్టి, నలుగురు కూర్చునే బండి చేసుకుని చేలల్లో తిరుగుతున్న వీడియో అది. దాన్ని ఈయన ఎంత చూశాడంటే, ఆ బండి చప్పుడు మా ఇంట్లో టీవీ సీరియల్ పాట కంటే ఎక్కువ వినిపించేది. నాకు ఒళ్లు మండి ఆత్మకూరులో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి అక్కడ మెకానిక్ షెడ్డు ఉంది. "రేయ్, మీ బావకు పిచ్చి పట్టింది, వచ్చి నాలుగు చీవాట్లు పెట్టరా," అన్నాను. వాడొచ్చాడు. వచ్చి కొట్టం చుట్టూ తిరిగి చూసి, చక్కగా బావ పక్షం చేరాడు.

"చేసుకోనీ అక్కా. బావ చెయ్యి మంచిది. అయితే ఇది రోడ్డెక్కే బండి కాదు, దీనికి కాయితాలు రావు. చేను దాకా తిప్పుకునేదానికే. ఇంకోటి బావా, నేను చెప్పినట్టు చేస్తేనే చెయ్యి. లేదంటే ఈ గొట్టాలన్నీ ఇప్పుడే నా బండిలో ఏసుకోని పోతా."

మా ఆయన తలూపాడు. ఊపడమే కాదు, అక్షరం తప్పకుండా చేశాడు. మా ఊళ్లో ఏ బండి కిందికి దూరాలన్నా జాకీతో లేపి, పక్కన రాళ్లు పేరుస్తారు. కొండ కింద ఊరు, రాళ్లకేం కొదవ. మా తమ్ముడు కొట్టంలో ఉన్న రాళ్లన్నీ బయట వేయించాడు. "రాయి చెప్పి పగలదు బావా. జాకీ లేపేదానికే, మోసేదానికి కాదు," అని షెడ్డు నుంచి ఇనప స్టాండ్లు తెచ్చిచ్చాడు. పెట్రోలు డబ్బా కొట్టంలో ఉండకూడదన్నాడు, అది బట్టలుతికే రాయి అవతలికి పోయింది. రెండు బకెట్లలో ఇసుక, మంటలార్పే ఎర్ర సిలిండరు వచ్చాయి. లుంగీతో పని చేయకూడదన్నాడు. చలికాలం కూడా లుంగీ వదలని మనిషి ప్యాంటు తొడిగి, కాళ్లకు బూట్లేసి, కళ్లకు అద్దాలు పెట్టుకుని పనిలోకి దిగుతుంటే నాకు నవ్వాగేది కాదు. "పెండ్లికి కూడా ఇంత తయారు కాలేదు గదయ్యా!" అనేదాన్ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒంటరిగా పని చేయకూడదని కూడా వాడు ఒట్టు వేయించుకున్నాడు.

నాకు భయం ఉండేది. బండి మీద పడుతుందనో, పెట్రోలు అంటుకుంటుందనో, వెల్డింగ్ నిప్పురవ్వ కంట్లో పడుతుందనో రోజూ ఏదో ఒకటి మనసులో మెదిలేది. కానీ ఆయన జాగ్రత్త చూసి చూసి నాకూ మెల్లిగా ధైర్యం వచ్చింది. నేల మీద ముగ్గుపిండితో కారు కొలత గీసుకుని, ఆ గీత మీదనే గొట్టాలు పేర్చి, ఒక్కొక్క అతుకూ వేసుకుంటూ పోయాడు. తుక్కులో కొన్న పాత కారు ఇంజిన్‌ని మా తమ్ముడు వచ్చి గొలుసుతో దించి బిగించి వెళ్లాడు. ఒకరోజు అన్నం పెట్టడానికి పిలవబోయి చూస్తే, అది నిజంగానే కారులాగా ఉంది. పైన టాపు లేదు, తలుపులు లేవు, అయినా కారే. ఆ పూట నేను తిట్టలేదు.

కొట్టానికి తలుపు లేదు కదా, వీధిలో పోయే ప్రతివాళ్లకూ కారు కనిపించేది. వచ్చి నిలబడి చూసేవాళ్లు. అందరికంటే ఎక్కువ చూసేది ఎదురింటామె. రోజూ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "అబ్బబ్బ, ఎంత ముచ్చటగా ఉండాదో! మా ఇంటాయనకు ఇట్టాంటి తెలివి యాడిది?" అనేది. ఆమె అలా అన్న మధ్యాహ్నమే మా ఆయన బొటనవేలు సుత్తి కింద పడి నల్లగా కమిలింది. ఇంకో రోజు ఆమె చూసి పోయాక కొత్త బ్యాటరీ పని చేయలేదు. మా అత్తకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"కట్టే ఇంటికి పట్ట కడతామా లేదా? దిష్టిబొమ్మ పెడతామా లేదా? అది అయ్యేదాకా ఒకరి కంట పడనిస్తామా? మరి కట్టే కారుకు వద్దా?" అంది.

ఇది విని నవ్వేవాళ్లు నవ్వండి. మా వైపు కొత్త ఇల్లు లేస్తుంటే గోనెపట్టో పాత చీరో కట్టని మనిషి లేడు. గుమ్మడికాయ వేలాడదీయని మేస్త్రీ లేడు. నాకూ అది సబబుగానే తోచింది. మా ఆయన కాసేపు తల గోక్కుని, "సరేలేమ్మా," అన్నాడు. ట్రాక్టర్ మీద ధాన్యం తడవకుండా కప్పే నీలం పట్ట తెచ్చి, కొట్టం ముందు భాగాన్ని పై నుంచి కింది దాకా మూసేశారు. గాలికి లేవకుండా దాని అంచు మీద రాళ్లు పెట్టారు, బయట పారేసిన ఆ రాళ్లే. గొట్టాల పని చేసేటప్పుడు పట్టను పక్కకు తీసి, పని అయ్యాక దించేవాళ్లు. కొన్నాళ్లు అలా గడిచింది.

ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు వచ్చింది. ఆ రోజు శుక్రవారం. మా తమ్ముడికి ఏదో లారీ పని పడి రాలేకపోయాడు. ఫోన్‌లోనే అన్నీ చెప్పాడు. గేరు తీసి ఉంచమన్నాడు, చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డం పెట్టమన్నాడు, పెట్రోలు ట్యాంకు వద్దు, చిన్న డబ్బాలో కొంచెం పోసి పైన వేలాడదీయమన్నాడు. ఇసుక బకెట్లు పక్కన పెట్టుకోమన్నాడు. మా ఆయన అన్నీ చేశాడు. పొగ గొట్టం మాత్రం ఇంకా బిగించలేదు. అది చివర్లో వేసే పని. ఇంజిన్‌కు ఆనుకునే ఒక పొట్టి పైపు ఉంది, దాని మూతి కొట్టంలోకే.

మా అత్త తలస్నానం చేసి, కారుకు పసుపు కుంకుమ పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సాంబ్రాణి కుంపటి తెచ్చి కొట్టమంతా పొగ పట్టించింది. అప్పుడు చెప్పింది: "మొదట స్టార్ట్ చేసేటప్పుడు బయటోళ్ల కన్ను పడకూడదు. పట్ట దించు నాయనా." ఆయన పట్ట దించాడు. అంచు మీద రాళ్లు మా అత్తే వరసగా పెట్టి, పక్క సందులోంచి లోపలికి పోయింది.

ఇంజిన్ రెండు మూడుసార్లు దగ్గి, తర్వాత అంటుకుంది. అబ్బా, ఆ చప్పుడు! రేకులు అదిరాయి. ఇంట్లో మిషన్ ముందు కూర్చున్నదాన్ని లేచి చప్పట్లు కొట్టాను. సిగ్గు లేకుండా ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. తర్వాత చప్పుడు తగ్గి ఒక తీరులోకి వచ్చింది. ఆయన స్క్రూ తిప్పి సరిచేస్తున్నాడని తెలుస్తోంది. ఆ నడక ఎంత బాగుందంటే, ఎగుడూ దిగుడూ లేకుండా, నేను మిషన్ తొక్కుతూ దానికి తాళం కలిపాను. లోపల ఆయన సంతోషంగా ఉన్నాడు, కారు నడుస్తోంది, అంతే నాకు తెలిసింది.

కాసేపటికి మా అత్త పట్ట పక్క నుంచి బయటికి వచ్చింది. కొట్టం ముందు కుర్చీ వేసుకుని, కణతలు నొక్కుకుంటూ, "తల తిరుగుతాండాది. కడుపులో తిప్పుతాండాది. చూసినావా, ఎవురిదో కన్ను పడనే పడింది," అంది. నేను కిటికీలోంచి, "సాంబ్రాణి ఘాటు అత్తా, మంచినీళ్లు తాగు," అని చెప్పాను.

అప్పుడే ఎదురింటామె రోడ్డు దాటి వచ్చింది.

"ఏంది పెద్దమ్మా, స్టార్ట్ అయినట్టుండాదే! ఉండు, ఒక్కసారి చూసి పోతా."

"చూసేదానికి ఇదేమన్నా తిరనాళ్లా? పొయ్యి నీ పని చూసుకో."

"నేనేమన్నా మీ కారును కొరుక్కుతింటానా?"

"కొరకనక్కర్లేదు. నీ కళ్లు చాలు!"

అంతే, తగులుకుంది. "నా కళ్లకు ఏమొచ్చింది? చెప్పు, నా కళ్లకు ఏమొచ్చింది?" అని ఆమె, పట్టకు అడ్డంగా చేతులు చాపి మా అత్త. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. నేను ఇద్దరినీ విడదీద్దామని మెడలో టేపుతోనే బయటికి వచ్చాను. వచ్చిన పనే చేసి ఉంటే బాగుండేది. ఎదురింటామె నన్ను చూసి, "నీ కోడలు కుట్టిన జాకెట్టు ఒక్కటన్నా నాకు సరిగ్గా పట్టిందా?" అంది. ఇక నేనూరుకుంటానా? నెలకొక కొలత మారే మనిషికి ఎవరు కుట్టినా పట్టదని నేను. ముగ్గురమూ కలిసి ఇంజిన్ చప్పుడు మీదుగా అరిచాం. వీధంతా విన్నారు.

మా ఇంట్లో ఏ గొడవైనా ఎక్కువసేపు సాగదు. మా ఆయన చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చి, "ఇంక చాల్లే," అంటాడు. ఎంత దూరంలో ఉన్నా వస్తాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా రాకుండా లేడు. నేను నోరు తెరిచి ఇంకేదో అనబోతూ, ఆ 'ఇంక చాల్లే' కోసం ఎదురు చూస్తున్నానని నాకే తెలిసింది. అది రాలేదు. పట్ట వెనక ఇంజిన్ అదే తీరున నడుస్తోంది. స్క్రూ తిప్పితే పెరగాలి కదా, తగ్గాలి కదా, ఆ చప్పుడు ఎప్పటి నుంచి మారలేదు?

"ఏమయ్యా!" అని అరిచాను. పలకలేదు.

రాళ్లు తన్ని, పట్ట పట్టుకుని లాగాను. కట్టిన తాడు తెగి పట్ట నా మీదనే పడింది. దాన్ని తోసుకుని లోపలికి పోయాను. సాంబ్రాణి పొగ, పెట్రోలు కాలిన వాసన, రెండూ కలిసి గొంతు పట్టేశాయి. ఆయన ముందు చక్రం పక్కన చిన్న పీట మీద కూర్చుని, తల ఇంజిన్ వైపు గొట్టానికి ఆన్చి ఉన్నాడు. ఒళ్లో స్పానరు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చూస్తే ఎవరైనా మంచి నిద్రలో ఉన్నాడనే అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. దేవుడా, నేను ఆయన్ని తిట్టాను. "ఇంత గలాటా అవుతాంటే నీకు నిద్రేందయ్యా!" అని భుజం పట్టి ఊపాను. ఆయన తల పక్కకు వాలి, మనిషంతా నా కాళ్ల మీదికి జారిపోయాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చంకల కింద చేతులు వేసి లాగుతుంటే కదలడం లేదు. అప్పటిదాకా నన్ను తిట్టిన ఎదురింటామె మా అత్తను తోసుకుని లోపలికి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆయన కాళ్లు పట్టుకుంది. ఇద్దరం కలిసి ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చాం. నా తల దిమ్మెక్కి అక్కడే కూలబడ్డాను. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. సన్నగా ఊపిరి ఉంది, ఉందో లేదో అన్నట్టు ఉంది.

లోపల ఇంజిన్ నడుస్తూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో మాకెవరికీ తెలియదు. నేను తమ్ముడికి ఫోన్ చేశాను. ఎవరో కుర్రాళ్లు లోపలికి పోబోతున్నారని చెప్పగానే, ఫోన్‌లో వాడు గొంతు చించుకున్నాడు: "ఎవురూ లోపలికి పోవద్దక్కా! అది పొగ కాదు, విషం! బావను గాల్లో పడుకోబెట్టు! అంబులెన్స్ పిలువు!" అలా ఆయన వాకిట్లో మట్టి మీద పడి ఉన్నాడు, అవతల మనిషి లేని కొట్టంలో ఆయన చేసిన ఇంజిన్ చక్కగా, ఎగుడూ దిగుడూ లేకుండా నడుస్తోంది. డబ్బాలో పెట్రోలు అయిపోయాక అదే ఆగింది.

మా అత్త ఎప్పుడు ఇంట్లోకి పోయిందో, గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వచ్చింది. "దిష్టి తీస్తా, లేస్తాడు, నాయనా లెయ్యి నాయనా," అని ఆయన చుట్టూ చెయ్యి తిప్పబోయింది. "అత్తా, ఆపు!" అని అరిచాను. ఆమె మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆమె చేతిలో మిరపకాయలు మట్టిలో రాలాయి.

మా ఊరి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, వెంటనే ఆత్మకూరుకు పంపించారు. అంబులెన్స్‌లో నేను ఆయన మొహం మీద మాస్కునే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి వదిలినప్పుడు మాస్కు మీద తెల్లగా ఆవిరి పడుతుంది, పీల్చినప్పుడు పోతుంది. అది పోయినప్పుడల్లా మళ్లీ వస్తుందా రాదా అని చచ్చి బతికాను. దుత్తలూరు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు.

ఆత్మకూరులో డాక్టరమ్మ చెప్పింది విన్నాక నాకు ఇంకా దిమ్మ తిరిగింది. ఇంజిన్ పొగలో ఒక గాలి ఉంటుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట నెత్తుటిలో అది చేరి, మంచి గాలికి చోటు లేకుండా చేస్తుందట. మనిషికి తల బరువవుతుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర వస్తుంది. "ఇంకొంచెం సేపు అక్కడే ఉంటే మనిషి దక్కేవాడు కాదమ్మా," అంది. తల తిరగడం, కడుపులో తిప్పడం అనగానే నేను మా అత్త వైపు చూశాను. మా అత్త గోడ వైపు తిరిగింది. డాక్టరమ్మకు నేనే చెప్పాను, ఈమె కూడా లోపల ఉండింది, ఈమెను కూడా చూడండి అని. ఆమెకూ పరీక్ష చేసి, కాసేపు మాస్కు పెట్టారు. మాస్కు కింద మా అత్త కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

మా తమ్ముడు గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆసుపత్రి వరండాలో తల బాదుకున్నాడు. "అన్నీ చెప్పినానక్కా! జాకీ గురించి చెప్పినాను, పెట్రోలు గురించి చెప్పినాను, ఆఖరికి లుంగీ గురించి కూడా చెప్పినాను. తలుపు మూయొద్దని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్తాను? ఆ కొట్టానికి తలుపే లేదు గదా!"

లేని తలుపును మేం తెచ్చి కట్టాం. ఊరంతా ఇళ్లకు కట్టుకునేదే, మేమూ కట్టాం. ఎవరిని తిట్టను? తిట్టడం చేతనైనదాన్ని, ఆ రోజు ఎవరిని తిట్టాలో తెలియక కూర్చున్నాను.

ఆయన కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టాక నేను అడిగిన మొదటి మాట, "ఎట్ట ఉండిందయ్యా లోపల? పిలవొచ్చు గదా?" అని.

"నిద్రొచ్చిందే," అన్నాడు నీరసంగా. "తల బరువుగా ఉంటే కూర్చున్నా. అంతే. హాయిగా ఉండింది."

ఆ మాట నన్ను చంపేసింది. నొప్పి లేదు, అరుపు లేదు. గోడకు ఇవతల నేను మిషన్ తొక్కుకుంటూ ఆ చప్పుడు వింటున్నాను. ఇంజిన్ ఆగితే ఏమైందో చూసేదాన్ని. ఏదైనా దబ్బున పడితే పరిగెత్తేదాన్ని. అది ఆగలేదు కాబట్టి ఆయన బాగున్నాడనుకున్నాను. ఆ చప్పుడే ఆయన్ని తీసుకుపోతుంటే నేను దానికి తాళం వేశాను. ఈ రోజుకీ ఎక్కడైనా బండి ఒకే తీరున నడుస్తుంటే నా చేతులు చల్లబడిపోతాయి.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇప్పుడు బాగున్నాడు. అయినా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండండి. కొందరికి బాగైపోయాక, ఆలస్యంగా మరుపు మొదలవుతుంది. మాట తడబడినా, చెప్పిందే చెప్తున్నా వెంటనే తీసుకురండి," అంది. సరేనన్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు.

మా అత్త ఇంటికి రాగానే ఆ నీలం పట్టను కొడవలితో కోసి ముక్కలు చేసింది. ఆ సాయంత్రం ఎదురింటికి పోయి వాకిట్లో నిలబడింది. ఎదురింటామె లోపలి నుంచి పీట తెచ్చి వేసి, "కూసో పెద్దమ్మా," అంది. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు.

కారును ఇంక ముట్టనివ్వనని నేను పట్టుబట్టాను. ఆయన అన్నం సరిగ్గా తినడం మానేశాడు. చివరికి మా తమ్ముడే రాజీ చేశాడు. కారును వాకిట్లోకి, ఆకాశం కిందికి తోయించి, పొడుగాటి పొగ గొట్టం బిగించాడు. నేను నా షరతు పెట్టాను: ఇంజిన్ నడుస్తున్నంతసేపూ నువ్వు మాట్లాడుతూ ఉండాలి. నీ గొంతు నాకు వినిపిస్తూ ఉండాలి. ఏదైనా సరే, మాట ఆగకూడదు.

"ఏం మాట్లాడేది?" అన్నాడు బిత్తరపోయి.

"నాకేం తెలుసు? ఇన్నేండ్లు దాచుకున్నావు గదా, అవన్నీ మాట్లాడు!"

ఆరుబయట ఆ గాలి అంత ప్రమాదం కాదని మా తమ్ముడు ఎంత చెప్పినా నేను వినలేదు. అలా మా ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట్లో స్పానరు నంబర్లు చదివేవాడు. తర్వాత ట్రాక్టర్ గురించి, మేకల గురించి చెప్పేవాడు. పోను పోను అలవాటు పడ్డాడు. నేను మిషన్‌ను వరండాలోకి తెచ్చుకున్నాను. ఇంజిన్ చప్పుడు మీదుగా ఆయన గొంతు వినిపిస్తుంటే నా ప్రాణం నిలకడగా ఉండేది. ఇంత మాటకారిని పెళ్లి చేసుకున్నానని నాకు ఇన్నాళ్లూ తెలియదే అనుకుని మురిసిపోయాను.

ఒక ఉదయం ఆయన మా పెళ్లిచూపుల సంగతి ఎత్తాడు. కలువాయిలో మా పుట్టింటికి వచ్చినప్పుడు మంచం మీద కూర్చోమన్నారట, కూర్చోగానే నులక తెగి కిందికి దిగబడ్డాడట. "లేస్తే నవ్వుతారు, లేవకపోతే నువ్వు చూస్తావు. ఏం చేసేది? కాఫీ తాగేదాకా అట్టనే ఆ గుంతలోనే కూర్చున్నా," అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు. పొట్టివాడని అనుకుని ఏడ్చానని అప్పుడు నేను చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాను. కందులు చెరుగుతున్న మా అత్త కూడా నవ్వింది. చానాళ్ల తర్వాత మా వాకిట్లో నవ్వు వినిపించింది.

నేను అప్పుడు కుడుతున్న జాకెట్టు మెడ ఇంకా పూర్తి కూడా కాలేదు. ఆయన ఇంజిన్ మీదికి వంగి, స్క్రూ తిప్పుతూ, "నీకొకటి చెప్పలేదు గదే," అన్నాడు. "మీ ఇంటికి పెండ్లిచూపులకు వచ్చినప్పుడు నన్ను మంచం మీద కూర్చోమన్నారు. కూర్చోంగానే నులక తెగిపాయ."

ఆటపట్టిస్తున్నాడనుకుని తల ఎత్తాను. ఆయన మొహంలో ఆట లేదు. కొత్త సంగతి చెప్పేవాడి ముచ్చట ఉంది. "లేస్తే నవ్వుతారు, లేవకపోతే నువ్వు చూస్తావు," అన్నాడు, అదే చోట ఆగి, అదే నవ్వు నవ్వి. మా అత్త చేతిలో చేట ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది.

చెప్పిందే ఎన్నిసార్లు చెప్తావయ్యా అని ఇంకో రోజైతే అనేసేదాన్ని నేను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మిషన్ మీద చెయ్యి ఆన్చుకుని, "అయ్యో, తర్వాత?" అన్నాను. ఆయన సంతోషంగా మిగతాది చెప్పాడు. కాఫీ దాకా చెప్పాడు. నేను నవ్వాను. ఆయన చెప్పడం అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత లేచి పోయి, కారు దగ్గర నిలబడి, ఇంజిన్ ఆపమన్నాను. ఆపాడు.

"చేతులు కడుక్కోని రాయ్యా. తమ్ముడికి ఫోన్ చేస్తా, ఇప్పుడే ఆత్మకూరు పోదాం. ఆసుపత్రికి."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. మొహం నిండా కంగారు.

"ఎవురికే? నీకు బాగలేదా?" అన్నాడు.

"అవునయ్యా," అన్నాను. "నాకే బాగలేదు. నువ్వు తోడు రా."